తెజెక్‌బాయ్ అనే రాయండి

కర్‌బెల్ కనుమ కింది పల్లె
ఆగస్టు 22

నా ఒంటెపిల్లా,

ఫోన్ ఎందుకు చెయ్యవని అడగకు. నీ గొంతు వినగానే మాట కంటే ముందు ఏడుపొస్తుంది నాకు. నువ్వూ మొదలుపెడతావు. ఇద్దరం ఏడ్చి ఏమీ చెప్పుకోకుండానే పెట్టేస్తాం. కాగితమైతే ఏడ్చినా తుడుచుకుని మిగతాది రాయొచ్చు. అందుకే రాసి బిష్కెక్ వెళ్లే వ్యాన్‌వాడి చేతికిస్తున్నాను. నా రాత కోడి గీకినట్టుంటుంది, ఓపిక పట్టి చదువుకో.

గొర్రెలు బాగున్నాయి. మీ నాన్న ఇంకా పైన మేత కొండ మీదే ఉన్నాడు. నేనూ మీ నానమ్మా ముందే దిగొచ్చాం, ఆమె మోకాళ్లు చలికి తట్టుకోవడం లేదు. నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఇవాళ గురువారం కదా, పోయినవాళ్లకి నూనె వాసన పంపే రోజు, మీ అన్నయ్య కోసం బోర్సోక్‌లు వేయించాను. నూనె వాసన వాడిదాకా వెళ్లాలని తలుపు తీసే ఉంచాను. పిండి సరిగా పొంగలేదు. వాడుంటే "అమ్మా, ఇవి తినడానికా, తోడేళ్ల మీదికి విసరడానికా?" అనేవాడు. అంటూనే గిన్నె ఖాళీ చేసేవాడు.

ఇక అసలు సంగతి. కనుమ మీద రోడ్ల ఆఫీసు వాళ్లు రాయి నిలబెడతారట. ఫిబ్రవరిలో మంచు చరియల కింద పోయిన మన రోడ్డు పనివాళ్ల పేర్లు దాని మీద చెక్కిస్తారట. వెబ్‌సైట్‌లో ఇంటివాళ్లే పేరు రాయాలి, అక్కడున్నదే చెక్కేవాడికి వెళ్తుంది, సెప్టెంబరు ఆఖరులోగా రాయకపోతే రాయి మీద ఉండదు అని చెప్పి వెళ్లారు. లైబ్రరీలో పనిచేసే గుల్‌సున్ దగ్గరికి వెళ్లాను. నేను చెబుతుంటే ఆ పిల్ల కొట్టింది: తెజెక్‌బాయ్. అంతే, కంప్యూటర్ మీద ఎర్రగా ఏదో వచ్చింది.

"ఏమంటోందే?"

"ఏం లేదు పిన్నీ."

"ఏం లేకపోతే అంత ఎర్రగా ఎందుకుంది? చదువు."

చదివింది. "అసభ్య పదం వాడారు. సరైన పేరు రాయండి."

మళ్లీ కొట్టించాను. మళ్లీ అదే. గుల్‌సున్ మెల్లగా అంది, "తెజెక్ అంటే పెంట కదా పిన్నీ, తిడుతున్నావనుకుంటోంది. పోనీ తెమిర్‌బాయ్ అని కొట్టనా? ఇనుము అంటే బాగుంటుంది."

"ఇనుమూ వద్దు, బంగారమూ వద్దు. నా కొడుకు పేరు అడిగింది, నా కొడుకు పేరే చెప్పాను. దానికి నచ్చకపోతే మళ్లీ వినమను," అన్నాను. వినలేదది.

నీకు తెలియంది కాదు, అయినా చెబుతాను, చెప్పకపోతే నా కడుపు మండుతుంది. వాడికి ముందు పుట్టిన ఇద్దరు పిల్లలకీ అందమైన పేర్లు పెట్టాం. ఇద్దరూ ఊయలలోనే పోయారు. వీడు పుట్టగానే మీ నానమ్మ ఎత్తుకెళ్లి పెంట రాశి పక్కన పెట్టి, నలుగురూ వినేలా అరిచింది: "ఇక్కడ పిల్లాడెవడూ లేడు, పెంట ఉంది, తెజెక్‌బాయ్ అనే పెంట!" చావు వచ్చి విని, ముక్కు మూసుకుని వెళ్లిపోయింది. ఆ పేరుతోనే నడిచాడు, పెరిగాడు, మీసం తెచ్చుకున్నాడు. ఇప్పుడెవడో చలువరాతి నేల మీద కూర్చున్నవాడు దాన్ని సరైన పేరు కాదంటున్నాడు.

నువ్వూ ఇలాంటి సైట్లే రాస్తావు కదా. ఇది రాసినవాడెవడో కనుక్కో. కనుక్కుని వాడి చెవి నాకు పట్టివ్వు, మిగతాది నేను చూసుకుంటాను.

పొద్దున చల్లటి నీళ్లు తాగకు.

మీ అమ్మ


బిష్కెక్
ఆగస్టు 29

అమ్మా,

ఆ చెవి నాదే. పట్టుకో.

దాపరికం వద్దు. ఆ పేజీ మా ఆఫీసుదే, పేర్ల దగ్గర కాపలా పెట్టిందీ నేనే. ఈ సైట్‌లో ఎవరైనా ఏదైనా రాయొచ్చు. పోయినేడు వేరే పేజీలో చనిపోయినవాళ్ల పేర్ల కింద తాగుబోతులు బూతులు రాసి వెళ్లారు. వాళ్ల ఇంటివాళ్లు చూసి ఏడ్చారు. అందుకే ఈసారి మా పెద్దాయన మామత్‌కులోవ్ గారు గట్టి కాపలా ఉండాలన్నారు. తిట్లన్నీ ఒకచోట చేర్చి, వాటిలో ఏది కనిపించినా ఆపెయ్యమని రాశాను. అందులో ఆ మాట కూడా ఉంది. అన్నయ్య పేరు దానికి తగులుతుందని నాకు తట్టలేదు. నీ ఉత్తరం చదివి టేబుల్ కింద తల పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటు అమ్మాయి ఏదో పడిపోయిందేమోనని తనూ వంగి వెతికింది.

దీనికో దారుంది, కంగారు పడకు. గుల్‌సున్ అన్నట్టు ప్రస్తుతానికి తెమిర్‌బాయ్ అని రాయించు. గడువులోగా వరసలో ఉంటే చాలు. తర్వాత లోపలినుంచి నేను మార్చేస్తాను. ఎవరితోనూ గొడవ ఉండదు.

నానమ్మకి మోకాళ్ల మందు పంపుతున్నాను. నీకో శాలువా, నీలం రంగుది. నల్లది ఇంక చాలమ్మా.

నానమ్మకి ఈ సంగతి చెప్పకు.

నీ కుందూజ్


సెప్టెంబరు 5

కుందూజ్,

మందు చేరింది. శాలువా తిరిగి పంపుతున్నాను. నల్లది ఎప్పుడు చాలో నాకు తెలుసు.

నానమ్మకి చెప్పకన్నావు. నేను చెప్పలేదు, ఆమెకి వినబడేలా ఉత్తరం పైకి చదువుకున్నానంతే. చదువు తక్కువ కదా, పైకి చదివితేనే నాకు అర్థమవుతుంది.

ఆమె ఏమందో రాస్తాను. "పట్నంలో కూర్చుని అన్న పేరు మార్చమంటోందా ఈ పిల్ల? వాడు మోసిన పిడకల మంటకి కదే నీ కాళ్లు కాచుకుంది! ఆ పొయ్యి పక్కనే కదే అక్షరాలు దిద్దింది!" నేనేం కలపలేదు, ఆమె మాటలే.

నాకు తెలుసులే. ఆఫీసులో నీ చుట్టూ అందరూ మంచి మంచి పేర్లవాళ్లు. చంద్రుడి పేరువాళ్లు, సింహం పేరువాళ్లు. వాళ్ల మధ్య మా అన్న పెంట అని చెప్పడానికి సిగ్గు. సిగ్గుపడు, ఎవరొద్దన్నారు? అయితే నీ సిగ్గు తెచ్చి నా కొడుకు మీద కప్పకు. తెమిర్‌బాయ్ ఎవడో నాకు తెలీదు. నేను కనలేదు. వాడికోసం బోర్సోక్‌లు వేయించలేదు. మంచులోంచి నా కొడుకుని తీసినప్పుడు వాడి చేతులు పట్టుకుని నేను పిలిచింది ఆ పేరు పెట్టి కాదు.

ఆ పేరు రాయించను. అసలు లేకుండా పోయినా సరే.

అమ్మ


బిష్కెక్
సెప్టెంబరు 11

అమ్మా,

శాలువా చూసి వ్యాన్‌వాడి ముందే ఏడ్చేశాను. "మీ ఇంట్లో మళ్లీ ఎవరైనా...?" అని అడిగాడు పాపం.

నన్ను తిట్టు, కొట్టు. సిగ్గుపడ్డానని మాత్రం అనకు. నేను మార్చేస్తానన్నది పేరు నిలబెట్టడానికే. ముందు తలుపు దాటించి, తర్వాత లోపల అసలు పేరు పెడదామనుకున్నాను. నీకు సరిగా చెప్పలేకపోయాను, అది నా తప్పే.

ఇంకోటి చెబుతాను, నవ్వకు. నాకెందుకు తట్టలేదో ఆలోచించాను. పుట్టినప్పటినుంచి నేను వాణ్ని అన్నయ్యా అనే కదా పిలిచాను? పెద్దవాణ్ని పేరు పెట్టి పిలిస్తే నువ్వే నోటి మీద కొట్టేదానివి. ఆ పేరు నా నోట్లోంచి ఎప్పుడూ రాలేదు, నా వేళ్లకీ రాదు. కాపలా సరిగా పనిచేస్తోందా అని చూడ్డానికి నీ పేరు కొట్టాను, నాన్న పేరు కొట్టాను, నానమ్మ పేరు కొట్టాను. అందరూ దాటారు. వాడి పేరు కొట్టలేదు. కొట్టుంటే ఆ రోజే తెలిసేది.

మా పనిలో దీన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. పేరు విని భయపడకు, నాన్న చేసే పనే. మందలు కలిసిపోయినప్పుడు నాన్న దొడ్డి వాకిట్లో నిలబడి అరుస్తాడు చూడు, "ఎడమ చెవి చివర చీలిక! కుడి చెవి ఎలా ఉన్నా సరే!" అని? ఒక్కో గొర్రెనీ మొహం చూసి గుర్తుపట్టడు, గుర్తు కలిసిందా లేదా అంతే. నేనూ కంప్యూటర్‌ని వాకిట్లో నిలబెట్టి ఒక గుర్తు చెప్పాను: ఈ అక్షరాలు ఈ వరసలో ఎక్కడ కనిపించినా పట్టుకో, వాటి ముందు ఏమున్నా సరే, వెనక ఏమున్నా సరే. ఆ 'ఏమున్నా సరే' దగ్గరే అన్నయ్య దొరికిపోయాడు. తిట్టు ఎక్కడైపోయి మనిషి ఎక్కడ మొదలవుతాడో దానికి తెలీదు. నేను చెబితేనే తెలుస్తుంది.

మొన్న చెప్పాను. మాట ముందూ ఖాళీ, వెనకా ఖాళీ ఉంటేనే, ఒంటరిగా ఉంటేనే ఆపు, పేరులో కలిసి ఉంటే వదిలెయ్ అని మార్చాను. పరీక్షించడానికి కూడా ఆ పేరు కొట్టలేక పక్క సీటు అమ్మాయిని కొట్టమన్నాను. దాటింది అమ్మా! తెజెక్ అని ఒక్కటే రాస్తే ఆగింది, అన్నయ్య పూర్తి పేరు దాటింది. ఇద్దరం టీ తాగి పండగ చేసుకున్నాం.

మర్నాడు మామత్‌కులోవ్ గారు పిలిచారు. ఆయనకి ఎవరు చెప్పారో తెలీదు.

"ఇది నీ సొంత పనా?"

"తప్పు దిద్దానండీ."

"తప్పెక్కడ? గవర్నరుగారొచ్చి రాయి మీద కప్పిన గుడ్డ లాగుతారు. టీవీవాళ్లుంటారు. రాయి మీద పెంట అని ఉంటే జనం నవ్వరా?"

"అది మనిషి పేరండీ. మా అన్నయ్య పేరు."

కాస్త తగ్గారు. కూర్చోమన్నారు. ఆయన రాక్షసుడేం కాదు, నాకు టీ కూడా పోశారు. పోసి అన్నారు, "చూడమ్మా, ఆ పేర్లు ఎందుకు పెడతారో నాకూ తెలుసు, మా తాతకీ అలాంటిదే ఉండేది. చావుని ఏమార్చడానికి. చావు వచ్చేసింది కదా, ఇంకా ఆ పేరుతో పనేముంది? తెమిర్‌బాయ్ అందాం. లేదంటే పేరులో మొదటి అక్షరం పెట్టి వదిలేద్దాం. గౌరవంగా ఉంటుంది."

పాత గుర్తే మళ్లీ పెట్టించారు. ఆయనకి ఏం చెప్పాలి?

కుందూజ్


సెప్టెంబరు 17

నా ఒంటెపిల్లా,

శాలువా మళ్లీ పంపు. చలి మొదలైంది.

నిన్ను అనరాని మాట అన్నాను. అనేశాను, మింగలేను. మీ నానమ్మ కూడా రెండు రోజులు నా మీద అలిగింది. "పిల్ల అన్న పేరు నోట పలకలేదంటే అది నా పెంపకం, నీది కాదు," అంటోంది. ఇద్దరం మళ్లీ మాట్లాడుకుంటున్నాంలే.

నీ ఆఫీసరుకి ఏం చెప్పాలో అడిగావు. ఇలా చెప్పు.

చావు వచ్చేసింది కదా అన్నాడు. రాలేదు అని చెప్పు. ఆ పేరున్నంత కాలం చావు వాణ్ని వెతుక్కుంటూ ఒక్కసారి కూడా రాలేదు. ఆ రోజు మొదటి చరియ పడినప్పుడు వాడు మంచు తోసే బండితో సహా బయటే ఉన్నాడు, గీత కూడా పడలేదు. బస్సు ఇరుక్కుందని తెలిసి వెనక్కి వెళ్లాడు. బస్సులో వాళ్లంతా దిగి నడిచొచ్చారు. రెండో చరియ వాడి మీద పడింది. చావు వాడి దగ్గరికి రాలేదమ్మా, వాడే దాని దగ్గరికి నడిచి వెళ్లి దాని నోట్లోంచి మనుషుల్ని లాగాడు. పేరు తన పని తాను చేసింది. దాని తప్పేం లేదు. పని చేసిన పేరుని పని అయిపోయిందని తీసి పారేస్తామా?

గౌరవంగా ఉంటుందన్నాడు. చలికాలం వచ్చి మా ఇంట్లో ఒక్క వారం ఉండమను. మా పొయ్యిలో మండేదేమిటో, ఆయనకి పోసే టీ దేని మీద మరుగుతుందో చూపిస్తాను.

మీ నాన్న గురించి రాశావు. చెవి గుర్తు చూసి మీ నాన్న పట్టుకుంటాడు నిజమే. తర్వాత మోకాలి మీద కూర్చుని మళ్లీ చూస్తాడు. మనది కాదని తేలితే దాని వీపు నిమిరి పంపేస్తాడు. నీ కంప్యూటర్‌కి నిమరడం రాదంటే నాకు కోపం లేదు, అది మనిషి కాదు. ఆఫీసరు మనిషే కదా?

ఇక ఇక్కడ ఏం జరిగిందో విను. పోయినవాళ్ల ఇళ్లన్నీ తిరిగాను. ముందు తోల్కున్ ఇంటికి వెళ్లాను, మంచు బండి మీద మీ అన్నయ్య పక్కన కూర్చునేవాడి భార్య లేదూ, ఆమె. ఒళ్లో పసిపిల్ల. అంతా విని లేచి నిలబడింది.

"అక్కా, మా ఆయన పేరు రాయించేశాను. రేపే తీయించేస్తా."

"నీ మొగుడి పేరు ఎందుకే పోగొట్టుకుంటావు? నా గోల నాది."

"నీ గోలేంటి? పొద్దున్నే మీవాడు వాకిట్లోకొచ్చి 'పెంట వచ్చింది, బయటికి రా' అని అరిస్తే తప్ప మా ఆయన పక్క దిగేవాడు కాదు. ఆ పేరు లేని రాయి మీద ఆయనకి తోచదు."

నవ్వాం. తర్వాత చాలాసేపు ఏడ్చాం. మిగతా ఇళ్లలో ఒక్కచోట మాత్రం ముసలాయన ససేమిరా అన్నాడు. ఆయన కోడలు మర్నాడు వచ్చి మాతో కలిసింది. అందరం కలిసి గుల్‌సున్ చేత కాగితం రాయించి వేలిముద్రలూ సంతకాలూ పెట్టాం: తెజెక్‌బాయ్ లేకపోతే మావాళ్లెవరూ వద్దు, ఉత్త రాయి నిలబెట్టుకోండి, గవర్నరుగారు దాని మీద గుడ్డ లాక్కోవచ్చు. అది మీ ఆఫీసుకే వస్తోంది.

నువ్వు భయపడకు. భయమేసినా నిటారుగా నిలబడి భయపడు.

మీ అమ్మ


బిష్కెక్
సెప్టెంబరు 30

అమ్మా,

రాశాను.

ఇవాళ ఆఖరి రోజు కదా. పొద్దున్నే వెళ్లి కాపలా గుర్తు మార్చేశాను. చాటుగా చెయ్యలేదు, మామత్‌కులోవ్ గారి గది తలుపు తీసి ఉండగానే చేశాను. తర్వాత పేరు రాసే చోటికి వెళ్లాను. పక్క సీటు అమ్మాయి "నేను కొట్టనా?" అంది. వద్దన్నాను. కళ్లు మూసుకుని మనసులో "అన్నయ్యా, ఏమీ అనుకోకు" అని ఒక్కో అక్షరం కొట్టాను. చేతులు చన్నీళ్లలో పెట్టినట్టయ్యాయి. నోటి మీద నువ్వు కొట్టిన చోట మండినట్టు కూడా అయింది, నిజంగా. ఎర్ర అక్షరాలు రాలేదు. "పేరు స్వీకరించాం" అని వచ్చింది.

ఆయన దగ్గరికి నేనే వెళ్లి చెప్పాను.

"తీసెయ్," అన్నారు.

"తీయనండీ."

"నేనే తీయగలను, తెలుసుగా?"

"తీయండి. కానీ మా అమ్మకి మీరే చెప్పాలి. మిమ్మల్ని చలికాలం వారం రోజులు టీకి పిలిచింది."

అప్పటికే మీ కాగితం ఆయన టేబుల్ మీద ఉంది. దాన్ని తిప్పి తిప్పి చూశారు. పేర్లన్నీ పోతే రాయే లేదు, రాయి లేకపోతే గవర్నరుగారు రారు. "వీళ్లంతా ఒక్క మాట మీద ఉన్నారా?" అన్నారు. "ఉన్నారండీ." "పెంట కోసం!" "అవునండీ." కాగితం మడిచి సొరుగులో పెట్టారు. పేరు తీయలేదు. సాయంత్రం అన్నీ చెక్కేవాడికి వెళ్లిపోయాయి, నేనే పంపాను.

తర్వాత నన్ను రేపటి నుంచి రావద్దన్నారు. చెప్పిన మాట వినని మనిషితో పని చెయ్యలేనన్నారు. ఆయన వైపునుంచి అదీ నిజమే. నేనేం బతిమాలలేదు. నా టీ కప్పు తెచ్చుకున్నాను.

నాకు బాధగా లేదమ్మా. ఆకలి మాత్రం వెయ్యడం లేదు, అది సర్దుకుంటుంది. రాయి నిలబెట్టే రోజుకి రాలేను, ఇందాక ఫోన్ చేస్తే ఆ రోజే వేరేచోట ఉద్యోగం కోసం వచ్చి కనబడమన్నారు. ఎలా జరిగిందో అంతా రాయి. ఒక్కటీ వదలకు.

నీ కుందూజ్


కర్‌బెల్ కనుమ కింది పల్లె
అక్టోబరు 13

నా ఒంటెపిల్లా,

ఒక్కటీ వదలకన్నావు, విను.

కనుమ మీద గాలి మొహం కోస్తోంది. గవర్నరుగారు రాలేదు, ఆయన కింద పనిచేసే కుర్రాయన వచ్చాడు, పట్నం బూట్లతో. కాళ్లు తడిసి పాపం ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు. గుడ్డ లాగారు. నేను పేరు కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది, తిన్నగా కంటికి తగిలింది. చెక్కినవాడు అక్షరాలు లోతుగా చెక్కాడు, మంచి చెయ్యి వాడిది. మంచు పట్టినా చెరగవు.

ఆ కుర్రాయన మైకులో పేర్లు చదవడం మొదలుపెట్టాడు. ఒక్కో పేరుకీ ఆ ఇంటివాళ్లు తల వంచుతున్నారు. మనవాడి దగ్గరికొచ్చాక ఆగాడు. ఆ పేరు దాటేసి తర్వాతది చదివాడు.

నేను ముందుకెళ్లాను. మీ నాన్న చెయ్యి పట్టుకున్నాడు, విడిపించుకున్నాను.

"బాబూ, ఒకటి వదిలేశావు."

"అమ్మా, అది... తప్పు పడిందేమోనని."

"తప్పు పడలేదు. చదువు."

"ఎలా చదవనమ్మా?"

"రాయి మీద ఎలా ఉంటే అలా."

చదివాడు. చిన్నగా చదివాడు. వెనక తోల్కున్ అరిచింది, "గాలికి వినబడలేదు, మళ్లీ!" ఈసారి గట్టిగా చదివాడు, తెజెక్‌బాయ్ అని, కనుమ మొత్తం వినబడేలా. రోడ్డు మీద ఆగిన లారీల వాళ్లు టోపీలు తీశారు. ఎవరూ నవ్వలేదు. ఒక్క మీ నానమ్మ తప్ప. ఆమె చేతికర్ర మీద వాలి, కన్నీళ్లు గడ్డం మీదికి కారుతుంటే పగలబడి నవ్వింది. "విన్నావా చావూ!" అని కొండ వైపు తిరిగి అరిచింది. "మా పెంట ఇదిగో! ఇంక ముక్కు మూసుకుని ఎక్కడికి పోతావో పో!" అందరూ బిత్తరపోయి చూశారు. నేను ఆమెని ఆపలేదు. నేనూ నవ్వాను, ఫిబ్రవరి తర్వాత మొదటిసారి. తర్వాత ఇద్దరం ఆ రాయిని పట్టుకుని, మీ నాన్న వచ్చి విడదీసేదాకా అక్కడే ఉన్నాం. కొడుకు లేడు. ఆ బాధ పేరు చెక్కితే పోలేదు, పోదు కూడా. అయినా వాణ్ని వాడిగానే పోగొట్టుకున్నాను, ఇంకెవడిగానో కాదు.

కొత్తచోట ఉద్యోగం ఇచ్చారా? ఇస్తే మంచిదే. ఇవ్వకపోతే వాళ్ల కర్మ. నువ్వు అన్న పేరు రాసినందుకు నోటి మీద మండిందన్నావు. ఇకనుంచి మండదు. మీ అన్నయ్య పేరు పలకడానికి నీకు నా అనుమతి ఉంది, మీ నానమ్మది కూడా ఉంది, అడిగే రాస్తున్నాను.

ఆకలి వెయ్యడం లేదని రాశావు చూడు, అది నాకు నచ్చలేదు. వ్యాన్‌లో వెన్నా, ఎండబెట్టిన మాంసమూ, రొట్టెలూ పంపాను. ఎవరికీ పంచకుండా నువ్వే తిను. వేళకి తిను, కడుపు నిండా తిను.

మీ అమ్మ